పడమటి గోడ

బట్టల మిల్లులో జరిగిన అగ్నిప్రమాదం తరువాత ఆమె ఒంటికి చాలాచోట్ల చెమట పట్టడం మానేసింది. వీపు మీదా భుజాల మీదా కొత్తగా అతికించిన చర్మం చూడడానికి బాగానే ఉంది గాని, దానికి చెమట పోసే గుణం లేదు. "వేడి మీకు విషం. ముప్పై రెండు డిగ్రీలు దాటిన చోట ఉండకండి," అంది డాక్టరమ్మ.

పరిహారం డబ్బుకి అందుబాటులో ఉన్నాయని భార్యాభర్తలు కొనుక్కున్న రెండు గదులు నాలుగో అంతస్తులో ఉన్నాయి. ఆపైన ఇక డాబాయే. పొద్దు వాలేసరికి పడమటి గోడ పెనంలా కాలేది. ఆయన కాలేజీ ల్యాబులో అటెండరుగా రిటైరైన మనిషి, దేన్నైనా కొలిస్తేగాని నమ్మడు. మంచం పక్కన థర్మామీటరు తగిలించాడు. నాలుగు గంటలకి ముప్పై ఎనిమిది. ఈ పాత వైరింగు ఏసీని మొయ్యలేదని కరెంటు మేస్త్రీ ముందే చేతులెత్తేశాడు.

"గోడకి లోపలివైపు థర్మాకోల్ షీట్లు వేసి బోర్డు బిగిస్తే వేడి ఆగుతుందట," అన్నాడు బావమరిదితో. అతను తాపీమేస్త్రీ. అక్కంటే ప్రాణం.

మేస్త్రీ గోడ వైపు చూడనేలేదు. స్టూలెక్కి పైకప్పుకి అరచెయ్యి ఆనించాడు.

"బావా, కోప్పడకు. గోడది చిల్లర వేడి. అసలు దొంగ నీ నెత్తి మీద కూర్చున్నాడు."

"పైన మనది కాదు కదరా."

డాబా బిల్డింగు ఓనరుది. సెల్ టవరుకి అద్దెకిచ్చాడు. వేడి తగ్గేందుకు డాబాకి సున్నమైనా కొట్టుకుంటానని ఈయన రెండుసార్లు వెళ్లి బతిమాలాడు. మొదటిసారి చూద్దామన్నాడు. రెండోసారి తలుపే తియ్యలేదు.

"కప్పుకే లోపల్నించి షీట్లు వెయ్యలేవా?"

"పెచ్చులూడే స్లాబు ఇది. డ్రిల్లు పెట్టానంటే అక్క మీదే పడుతుంది."

"పోనీ గోడకే వేస్తే దండగంటావా?"

"దండగని అనలేను. ఎంతోకొంత తగ్గుతుంది. ఆ ఎంతోకొంత అక్కకి సరిపోతుందా అన్నదే."

మంచం మీంచి ఆమె నవ్వింది. "గోడకి స్వెట్టరు తొడిగిస్తారా? ఇన్నేళ్లలో నాకొక్కటి కొన్న పాపాన పోలేదు."

నాలుగు రోజుల్లో పని అయిపోయింది. మర్నాడు నాలుగింటికి ముగ్గురూ థర్మామీటరు ముందు నిలబడ్డారు. ముప్పై ఆరు.

ఆమె గోడకి చెంప ఆనించింది. "రెండు డిగ్రీలంటే మాటలా," అంది. మేస్త్రీ పనిముట్లు సర్దుకున్నాడు.

ఎండలు ముదిరాక ఒకసారి వరుసగా మూడు రోజులు కరెంటు లేదు. మూడో రోజు మధ్యాహ్నం దుప్పటి తడిపి తెచ్చేసరికి ఆమె పలకలేదు. మంచం దగ్గర ముప్పై తొమ్మిది. ఆయన చెయ్యి గోడకి తగిలింది. గోడ మాత్రం కాలడం లేదు. కింది అంతస్తులవాళ్లు తలో చెయ్యి వేసి ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి కిందికి దింపారు.

పదకొండు రోజులు ఆసుపత్రి. బతికింది గాని మాట ముద్దగా వస్తోంది. "ఆ గదికి మళ్లీ తీసుకెళ్లొద్దు," అంది డాక్టరమ్మ. మేస్త్రీ అక్క కోసం తన ఇంట్లో మెట్ల కిందున్న చిన్న గది ఖాళీ చేశాడు. నీడపట్టు గది, చల్లగా ఉంటుంది. ఒక్క మంచమే పడుతుంది. ముందుగదిలో మేస్త్రీ కుటుంబం ఐదుగురు. ఈయన ఉండడానికి చోటు లేదు.

ఆయన తన గదులు అమ్మకానికి పెట్టాడు. చూడ్డానికొచ్చినవాళ్లు ఐదు నిమిషాల్లో చెమట తుడుచుకుంటూ దిగిపోయేవారు. వానలు పడగానే తీసుకెళ్తానని ఆమెకి మాటిచ్చాడు. వానల్లోనూ థర్మామీటరు ముప్పై నాలుగు కన్నా కిందకి దిగలేదు. మొదట్లో, ఆయన చూడ్డానికి వెళ్లినప్పుడల్లా, "ఎప్పుడు తీసుకెళ్తారు?" అని అడిగేది. తరువాత, "తిన్నారా?" అని మాత్రమే అడిగేది.

ఒకరోజు రెండో అంతస్తు టీచరుగారు మెట్ల మీద ఆపారు. "మా పడమటి గోడకీ ఆ షీట్లు వేయిద్దామనుకుంటున్నామండీ. ఉపయోగం ఉంటుందంటారా?"

ఆయన చేతిసంచీ మెట్టు మీద పెట్టాడు.

"మీ పైన ఇంకో ఇల్లుంది. మీకు ఎండ తగిలేది ఆ గోడ ఒక్కదానికే. తప్పకుండా వేయించుకోండి. బాగా పనిచేస్తాయి."

తరువాతి వారం మేస్త్రీ షీట్లు మెట్లెక్కిస్తుంటే, రెండో చివర ఆయనే పట్టుకున్నాడు.