తలుపు ముందు ఫోటో

ఆసుపత్రి దుప్పట్లు ఒక్కరే మడవలేరు. చెరో కొస పట్టుకుని వెనక్కి నడవాలి, గట్టిగా దులపాలి, మళ్లీ ఎదురెదురుగా వచ్చి కొసలు కలపాలి. ఉతుకుల గదిలో ముచ్చట్లన్నీ ఆ కొసలు కలిసినప్పుడే. ఆ మధ్యాహ్నం మూగమ్మ చేతిలో కొస వదిలేసి ఫోను చూస్తూ నిలబడిపోయేసరికి, అవతలి కొస పట్టుకున్న పెద్దక్క కస్సుమంది.

"ఏమే, లాటరీ గానీ తగిలిందా?"

మాట తక్కువని అక్కడివాళ్లు మూగమ్మ అని పేరు పెట్టారు. ఆమె ఫోను అందించింది. మొగుడి దెబ్బలు పడలేక పాపను చంకనేసుకుని పారిపోయి వచ్చినప్పుడు ఆదుకున్న సంస్థ పంపిన సందేశం అది. తమ కంప్యూటర్లలోకి ఎవరో జొరబడ్డారట. 'కొన్ని వివరాలు' ఇంటర్నెట్‌లోకి ఎక్కాయట. కంగారు పడవద్దట.

"కొన్ని అంటే ఏవే?"

"అదే చెప్పలేదక్కా."

అంతలోనే ఫోను మోగింది. తెలియని నంబరు. అవతల అత్త గొంతు, వెన్న పూసినట్టు ఉంది.

"ఏం కోడలా, నీలం తలుపు బాగుందే! రంగు ఎవరేయించారేం?"

ఆ తలుపు అత్త ఎన్నడూ చూడలేదు. సంస్థకో అలవాటుంది. ఇల్లు చూపించిన ప్రతి ఆడమనిషినీ కొత్త తలుపు ముందు నిలబెట్టి ఫోటో తీస్తారు. ముఖం మసక చేసి దాతలకు చూపిస్తారు. మరి మసక చేయని అసలుది ఏం చేస్తారో ఏనాడూ ఎవరూ అడగలేదు.

పోలీసులకు ఫోను చేస్తే, మొగుడు వస్తే చెప్పమన్నారు. వచ్చాక చెప్పడానికి తను మిగలాలి కదా అనుకుంది. పెద్దక్క తనకు తెలిసిన వకీలమ్మతో మాట్లాడించింది. ఏమేం పోయాయో అడిగే హక్కు నీకుంది, నీ వివరాలన్నీ చూపించమను, నష్టానికి వాళ్లే జవాబుదారీ, పై అధికారికి ఫిర్యాదు కూడా చేయొచ్చు, అని ఆమె చెప్పింది. తేలడానికి నెలలు పడతాయనీ చెప్పింది.

"నెలలా? ఆ సచ్చినోడు బస్సెక్కితే సాయంత్రానికి దిగుతాడు," అంది పెద్దక్క. "నువ్వు పోవే. అవతలి కొస మేకుకు కట్టుకుని మడుస్తాలే."

సంస్థ ఆఫీసు రెండు వీధుల అవతలే. ఆ రెండు వీధులూ మూగమ్మ గోడలకు ఆనుకునే నడిచింది. వెనక ఎవరి చెప్పులు టపటపమన్నా ఆగి, వాళ్లు దాటిపోయాకే కదిలింది.

"అందరికీ ఒకే సందేశం పంపాం కదమ్మా," అంది కార్యదర్శి మేడం.

"అందరిదీ ఒకే ఇల్లు కాదు కదండీ. నావి ఏమేం పోయాయో చూపించండి. అడిగే హక్కు నాకుంది."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని తనకే అనుమానం వేసింది. మేడం కాసేపు నసిగి, కంప్యూటర్ ఇటు తిప్పింది. నీలం తలుపు, తలుపు మీద నంబరు, ముందు తను. మసక లేదు, గిసక లేదు. నవ్వమంటే నవ్విన నవ్వు. కింద ఫోను నంబరు. దాని కింద, పాప బడి ఫీజు సంస్థే కట్టింది కాబట్టి, పాప బడి పేరు.

"బడి కూడానా మేడం?"

మేడం సొరుగులోంచి ఓ కాగితం తీసింది.

"ఇవాళే వేరే గది ఇస్తాం. ఫిర్యాదు చేయనని ఇక్కడ సంతకం పెట్టమ్మా. సంస్థ మూతపడితే మీలాంటి వాళ్లు ఎక్కడికి పోతారు చెప్పు?"

మూగమ్మ పెన్ను అందుకుంది. సంతకం గీసేస్తే గది దొరుకుతుంది. తెర మీద తన ఫోటో పక్కన ఇంకా తలుపులున్నాయి. పచ్చవి, ఎర్రవి, రంగు లేనివి. ఒక్కో తలుపు ముందు ఒక్కో నవ్వు.

"వీళ్లకు తెలుసా, తలుపులు కూడా పోయాయని?"

"అందరినీ భయపెట్టడం దేనికని..."

మూగమ్మ పెన్ను కింద పెట్టేసింది. "పెట్టనండీ. గదీ ఇవ్వండి, ఫిర్యాదూ చేస్తాను. వాళ్లకూ చెప్పండి."

ఫోను మళ్లీ మోగింది. అదే నంబరు. దాన్ని బల్ల మీద మేడం వైపు జరిపింది.

"మీరే మాట్లాడండి."

మేడం ఎత్తింది. ఈసారి మగ గొంతు. బస్సు ఇంజను హోరులో మాటలు మూగమ్మకు అందలేదు, నవ్వు మాత్రం వినిపించింది. ఆ నవ్వు ఆమెకు తెలుసు. మేడం ఫోను కట్టేసి, కాగితం అక్కడే వదిలేసి, కారు తాళం చెవి కోసం సంచి మొత్తం బల్ల మీద కుమ్మరించింది.

"బడి ఎప్పుడు వదులుతారు?"

"ఈపాటికి వదిలేస్తుంటారు."

కారు బడి వీధిలోకి తిరిగింది. బడి గేటు ముందు పిల్లల కోసం వచ్చినవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. మూగమ్మ దిగి, మగవాళ్ల వీపుల్ని ఒక్కొక్కటే చూసుకుంటూ, లోపలికి దారి చేసుకుంది.