అర్థాలు గోడవైపు

నేను ఒక అట్టముక్కను. కొత్త చొక్కా డబ్బాలో కాలర్ కింద బతకాల్సినదాన్ని, గుంటూరులో ఇటాలియన్ నేర్పే బాలశౌరి మాస్టారి కత్తెరకు చిక్కి చదువుకున్నదాన్నయ్యాను. ఆయన నా ముఖాన ‘అస్పెత్తో’ అని రాసి, వీపున ఇంగ్లీషులో మూడు అర్థాలు దించారు: ఐ వెయిట్, ఐ యామ్ వెయిటింగ్, ఐ డూ వెయిట్. నాకు కర్త ఆయన. నేను క్రియ. ఇక నా కర్మ లూర్దమ్మ చేతిలో పడింది.

లూర్దమ్మ ఆసుపత్రి ఆయా. ఇటలీలో ఒక వృద్ధాశ్రమం ఉద్యోగానికి ఫోన్‌లో జరిగే ఇంటర్వ్యూ రెండుసార్లు తప్పింది. ఇంటర్వ్యూ చేసే మేడమ్ ఏది అడిగినా బట్టీపట్టిన ఇంగ్లీషు అర్థాలన్నీ ఒక్క గుక్కలో అప్పజెప్పడమే కారణం. ఇది ఆఖరి అవకాశం.

“ఒక్క మాటకి ఇన్ని ఇంగ్లీషులేంది మాస్టారూ? ఏది పట్టుకోవాల?”

“ఇంగ్లీషువాడికి మూడు కావాలమ్మా, ఇటలీవాడికి ఒకటి చాలు. ‘నేను’ కూడా ఆ చివరి ‘ఓ’లోనే ఉంది, మన ‘వస్తాను’లో ‘ను’ లాగా. మిగతాది సందర్భమే చెబుతుంది.”

ఆవిడ నన్ను పొయ్యి పైన గోడకు అన్నం మెతుకులతో అతికించింది. బాగానే అతికించింది, వీపు గోడకేసి. తెల్లారి అర్థాలు బట్టీ పడదామని గోటితో గీకితే నేను ఊడలేదు. సోనామసూరి పట్టు అది. గమ్ కంపెనీలవాళ్ళు వచ్చి నేర్చుకోవాలి.

ఇక బట్టీకి ఏమీ లేక, ఆవిడ నన్ను వాడటం మొదలుపెట్టింది. పాలు పొంగేదాకా నిలబడి “అస్పెత్తో” అనేది.

“కాఫీ ఏదే?” అనేవాడు వసారాలోంచి భర్త ఇన్నయ్య.

“అస్పెత్తో.”

“ఆ కొత్తరకాలు నాకొద్దు. మామూలుది ఇయ్యి.”

ఇంటర్వ్యూ రోజు సిగ్నల్ వంటింట్లోనే అందింది కాబట్టి అంతా నా ఎదుటే జరిగింది. తెరమీద బ్రూనా మేడమ్ నెమ్మదిగా, చేతులతో చూపిస్తూ అడిగింది: ఒక ముసలామె కోటు గుండీలు తనే పెట్టుకుంటానంటుంది. ఒక్కో గుండీకి ఐదు నిమిషాలు. నువ్వేం చేస్తావు?

లూర్దమ్మ నావైపు చూడలేదు. చూసినా వీపు కనబడేది కాదు.

“అస్పెత్తో,” అంది. అని చేతులు కట్టుకుని నిలబడింది, నిజంగానే ఎదురుగా ఎవరో గుండీ వెతుక్కుంటున్నట్టు. మేడమ్ వెంటనే పాస్‌పోర్టు నంబరు అడిగింది.

ప్రయాణం నాడు ఆవిడ నన్నూ తీసుకెళ్దామని తడిగుడ్డ అద్ది లాగింది. నేను రెండు పొరలుగా చీలాను. మూడు అర్థాలూ గుంటూరు గోడకే ఉండిపోయాయి. నేను ఒట్టి ముఖంగా ఇటలీ వచ్చి, ఆవిడ యూనిఫాం జేబులో నిలబడి ఉన్నాను. ఎదురుగా ముసలామె. ప్రస్తుతం మూడో గుండీ దగ్గర ఉన్నాం.