కృష్ణమ్మ ముల్కీ కాగితం

పదిహేనేళ్లు ఒకే గల్లీలో బతికిన మనిషి, నేనిక్కడిదాన్నే మొర్రో అని రుజువు చూపించుకోవాలట. సర్కారు చోద్యాలు అలాగే ఉంటాయి.

బందరు నుంచి వచ్చిన మంత్రసాని కృష్ణమ్మకు సర్కారు దవాఖానలో తాత్కాలిక కొలువు పర్మినెంటు కాబోతోంది. కావలసిందల్లా ముల్కీ కాగితం. నిజాం రాజ్యంలో పదిహేనేళ్లు ఎడతెగకుండా ఉన్నానని రుజువు చూపాలి, సొంతూరికి తిరిగి వెళ్లే ఆశ వదులుకున్నానని సంతకం పెట్టాలి. లేకపోతే ఈ నెలతో కొలువు సరి. మొగుడు పోయిన మనిషి, మరో ఆధారం లేదు.

దర్యాప్తుకు రెవెన్యూ తనిఖీ చేసే గిర్దావరు జలాలుద్దీన్ కృష్ణమ్మ ఉండే బహదూర్‌పురాకు వచ్చి, పొరుగింటి ఎల్లమ్మ బర్రెల కొట్టం ముందు కుర్చీ వేయించుకున్నాడు.

"ప్రతి సాల్ ఇక్కడ్నే ఉన్నవని సబూత్ ఏంది?"

కృష్ణమ్మ కిరాయి చీటీలు ఎప్పుడో చెదలు తినేశాయి. ఎల్లమ్మే ముందుకొచ్చింది. "సబూత్ గావాల్నా సాబ్? జర ఆగు," అని గల్లీ అదిరేలా కేకేసింది.

గల్లీ పిల్లలంతా వచ్చారు. పెద్దవాడికి పదిహేనేళ్లు, చివరిది తల్లి చంకలో ఉంది. ఏడాదికొకరు చొప్పున ఎల్లమ్మ గోడవారగా నిలబెట్టింది. అందరికీ పురుడు పోసింది కృష్ణమ్మే.

గిర్దావరు మీసాల్లో నవ్వుకున్నాడు గానీ వదల్లేదు. ఒక్కొక్కరి వయసూ అడిగి రాసుకున్నాడు. ఎనిమిదేళ్ల పిల్లాడి పక్కన ఆరేళ్ల పిల్ల ఉంది. కలం ఆగింది.

"నడుమ ఏడేండ్లది ఏది?"

గిర్దావరు కృష్ణమ్మ వైపు తిరిగాడు.

"ఆ సాల్ బందర్‌కు పోయినవా? ఒక్క సాల్ తెగినా అర్జీ ఖారిజ్."

కృష్ణమ్మ ఎక్కడికీ పోలేదు. ఆ ఏడాది ఎవరికి పురుడు పోసిందో ఆమెకూ తెలుసు, గల్లీకీ తెలుసు. కానీ ఎదురింటి షౌకత్ బీ వినేలా ఆ ఊసు ఎవరూ ఎత్తరు. షౌకత్ బీ ఇప్పుడు పరదా వెనకే ఉంది. ఒక్క మాట చెబితే కొలువు నిలుస్తుంది. కృష్ణమ్మ ఆ పరదా వైపు చూసింది.

"గుర్తు లేదండీ," అంది.

గిర్దావరు పెదవి విరిచి కలం సిరాలో ముంచాడు.

"ఠైరో భాయ్!" పరదా వెనక నుంచి షౌకత్ బీ కేక. "నా బిడ్డను గూడ రాసుకో."

"ఏది? తెచ్చి నిలబెట్టు."

"నిలవడది. సచ్చి పుట్టింది. ఖబరస్తాన్ల ఉంది. మూడు దినాలు గీ అక్క నా పక్క ఇడువలే, నన్ను సావనియ్యలే."

గిర్దావరు తల దించుకున్నాడు. అలవాటు కొద్దీ అడిగాడు, మెల్లగా. "పేరు?"

పరదా వెనక నుంచే జవాబు వచ్చింది.

"కుబ్రా."

బిడ్డకు పేరుందని గల్లీలో ఎవరికీ తెలియదు. కృష్ణమ్మకు కూడా. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

గిర్దావరు రాశాడు: కుబ్రా, ఏడేళ్లు. కాగితం కృష్ణమ్మ వైపు తిప్పాడు. "వాపస్ పోయే ఆశ లేదని ఇక్కడ దస్కత్ చెయ్యి."

నెల రోజులుగా ఆ వాక్యమే కృష్ణమ్మకు నిద్ర లేకుండా చేస్తోంది. ఇప్పుడు దానివైపు చూడను కూడా లేదు.

"జర ఆగుండ్రి సాబ్," అని లేచి, ఎదురింటి పరదా ఎత్తి లోపలికి వెళ్లింది.

గిర్దావరు ఆగాడు. ఆమె వచ్చేదాకా ఎవరూ గోడ దగ్గర్నుంచి కదల్లేదు.