చెక్క బీరువా ఎడమ తలుపు

మా ఆయనకి గీత కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. కొయ్య సామాన్లకి పాలిష్ పెట్టడం ఆయన పని, ముప్పై ఏళ్లుగా అదే పని. ఎవరింటికైనా వెళ్తే మనుషుల కంటే ముందు బల్లని పలకరిస్తాడు. కళ్లు మూసుకుని అరచేత్తో ఒకసారి నిమిరి, "ఇక్కడ దెబ్బ తగిలింది, ఇక్కడ తడి దిగింది" అని చెప్పేస్తాడు. చూపు అంతంత మాత్రమేగానీ చేతికి అన్నీ తెలుస్తాయి. పెళ్లయిన కొత్తలో ఇదేదో గొప్ప విద్య అనుకుని మురిసిపోయాను. అదొక రోగమని తర్వాత తెలిసింది.

నాకేమో గీతలున్న సామానే కావాలి. ఈ రెండు గదుల పెంకుటిల్లు మా చేతికొచ్చిన రోజే ఆ మాట ఖరాఖండీగా చెప్పేశాను. అంతకుముందు ఇరవై రెండేళ్లు అద్దె మేడగదుల్లో ఉన్నాం. మేకు కొట్టకూడదు, గోడకి బొమ్మ తగిలించకూడదు, నేల మీద మంచం కోడు జరిపిన గుర్తు కూడా పడకూడదు. ఖాళీ చేసిన ప్రతిసారీ మేము అక్కడ ఉన్న ఆనవాలు లేకుండా కడిగి, తుడిచి, తాళాలిచ్చి వచ్చేవాళ్లం. ఇన్నేళ్లు కాపురం చేసి కూడా ఎక్కడా కాపురం చేయనట్టే అయింది. అందుకే నా ఇంట్లోకి కొత్త వస్తువు ఒక్కటి కూడా రావడానికి వీల్లేదన్నాను. ఎవరో కూర్చుని కూర్చుని చేతులు అరగదీసిన కుర్చీ కావాలి, ఎవరింట్లోనో అంచు పెచ్చు లేచిన కప్పు కావాలి. నలుగురూ మెసలిన ఇల్లులా ఉండాలి.

బజారు చివర పాత సామాన్ల కొట్టు ఒకటుంది. ఆ కొట్టాయన ఏ వస్తువు పట్టుకున్నా "ఇది తాతలనాటిదమ్మా" అంటాడు. ఒకసారి ప్లాస్టిక్ బకెట్ పట్టుకున్నా అదే మాట అన్నాడు. ఆయనకి నేను తాతలనాటాయన అని పేరు పెట్టుకున్నాను. పని లేని రోజు నా కాళ్లు వాటంతటవే అటు నడిచేవి. తెల్ల పింగాణీ పూత రాలిన కూజా, ఒకదానికొకటి పొంతన లేని నాలుగు కుర్చీలు, లేసు అల్లిన బల్లగుడ్డ, రంగు వెలిసిన పూలపూల దుప్పట్లు తెచ్చాను. కుట్టుపని నాదే కాబట్టి దుప్పట్లని కత్తిరించి కిటికీ తెరలు చేశాను. కూజాలో పెరటి పూలు పెట్టి కిటికీలో ఉంచాను. పొద్దుటి ఎండ ఆ వెలిసిన పూల మీద పడుతుంటే, ఈ ఇంట్లో ఎవరో మాకంటే ముందు నిద్ర లేచి తిరుగుతున్నట్టు ఉండేది. నాకు కావలసింది అదే.

మా ఆడపడుచు చూడటానికి వచ్చి ముక్కున వేలేసుకుంది. "ఏంటొదినా ఇది! ఎవరో ఇల్లు ఖాళీ చేసి, పనికిరానివన్నీ వదిలేసి పోయినట్టుంది. అన్నయ్య పాలిష్ పెట్టే ఇల్లేనా ఇది?"

"మీ అన్నయ్య చెయ్యి పడితే ఇల్లు ఇల్లులా ఉండదు, షాపులా ఉంటుంది," అన్నాను.

ఉత్తినే అనలేదు. మొదటి నెలలోనే ఒక ఘనకార్యం చేశాడు. నేను ఏరికోరి తెచ్చిన చేతుల కుర్చీని, చేతులు అరిగి నున్నగా తేలిన కుర్చీని, నేను బజారుకెళ్లి వచ్చేలోపు గరుకు కాగితంతో గీకి, మూడు పూతలు వేసి, నిన్నగాక మొన్న చేయించినట్టు తయారుచేశాడు. రెండు రోజులు నేను మాట్లాడలేదు. మూడో రోజు ఒప్పందం కుదిరింది. నేను నోరు తెరిచి అడిగితే తప్ప ఇంట్లో ఏ వస్తువు మీదా ఆయన చెయ్యి పడకూడదు. ఆరు నెలలు ఆ మాట మీదే నిలబడ్డాడు. దురద పుడితే చేతులు వెనక్కి కట్టుకుని తిరిగేవాడు, పాపం.

ఆ తర్వాతే బీరువా వచ్చింది.

మనిషి కంటే ఎత్తు చెక్క బీరువా, రెండు తలుపులు, పైన చెక్కిన పూలతీగ. తాతలనాటాయన ఆ పూలతీగ చూపించి మురిపిస్తున్నాడు. నేను ఊరికే ఎడమ తలుపు తెరిచాను. తలుపు లోపలి అంచున, నా తొడ దగ్గర మొదలుపెట్టి పైకి, కత్తితో పెట్టిన గాట్లు. ఒక్కో గాటు పక్కన పెన్సిలుతో ఒక అంకె. రెండు, మూడు, నాలుగు, అలా పన్నెండు దాకా. మొత్తం పదకొండు గాట్లు. పన్నెండో ఏటి గాటు నా గడ్డానికి వచ్చింది.

నేను తలుపు మూసేసి, బీరువా కావాలన్నాను. అది ఎవరింటి నుంచి వచ్చిందో, కొలిచింది ఆడపిల్లనో మగపిల్లాడినో అడగలేదు. అడిగితే ఆ గాట్లు వాళ్లవైపోతాయి.

ఎందుకో ఇప్పుడు చెప్పాలి. పంతొమ్మిదేళ్ల క్రితం నాకు ఏడో నెలలో ఆడపిల్ల పుట్టింది, ప్రాణం లేకుండా. నర్సు తువ్వాలులో చుట్టి ఒక్క నిమిషం చూపించి తీసుకెళ్లిపోయింది. ఆ తర్వాత మూడు నెలలు నేను మంచం దిగలేదు. దిగాక, కుట్టిపెట్టుకున్న నాలుగు గౌన్లు ఎవరికో ఇచ్చేశాను. మళ్లీ పిల్లలు కలగలేదు. మేమిద్దరం ఆ పిల్ల మాట ఎత్తలేదు, ఒక్కసారి కూడా. ఆయన మర్చిపోయాడనుకున్నాను. మగవాళ్లు మర్చిపోతారు, పని చేసుకుంటారు, అంతే అనుకున్నాను. దానికి ఆయన మీద నాకు లోలోపల కోపం కూడా ఉండేది. ఆ కోపం వేరే వాటి మీద తీర్చుకునేదాన్ని. ఆ కుర్చీ సంగతి కూడా అందులోదేనేమో.

నేను మాత్రం ఆ పిల్లని ప్రతి ఏడూ పెంచుకుంటూనే వచ్చాను. అయితే పెంచడంలో ఒక చిక్కుండేది. ఎంత ఎత్తుండేదో తెలిసేది కాదు. నేను చూసిన కొలత ఒక్కటే, నర్సు రెండు చేతుల మధ్య ఉన్నంత. బడికి వెళ్తోంది అనుకున్నా, జడ వేస్తున్నాను అనుకున్నా, నా చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియక గాల్లో ఉండిపోయేది.

బీరువా వచ్చాక తెలిసింది. పొద్దున్నే ఆయన పనికి వెళ్లగానే ఎడమ తలుపు తెరిచేదాన్ని. ఆరో ఏటి గాటు నా కుట్టుమిషను బల్ల కంటే జానెడు పైకి వచ్చింది. అంటే ఆరేళ్లకి అది మిషను పక్కన నిలబడి, బల్ల మీద గడ్డం ఆనించి, సూది ఆడటం చూస్తూ ఉండేదన్నమాట. తొమ్మిదో ఏటికి కిటికీ గడియ అందుతుంది. పదకొండో ఏటికి, నేను కూర్చుని ఉంటే వెనక నుంచి వచ్చి నా భుజాల మీద వాలడానికి సరిగ్గా సరిపోతుంది. ఒక్కో గాటులో వేలు పెట్టి అక్కడ దాని తల ఉందనుకుని కాసేపు నిలబడేదాన్ని. పిచ్చి అని నాకు తెలుసు. తెలిసినా ఆ నాలుగు వారాల్లో నేను తెరిచి చూడని రోజు లేదు.

ఆయన సాయంత్రం రాగానే ముందు నా మొహం వైపు, ఆ తర్వాత బీరువా వైపు చూసేవాడు. "ఎడమ తలుపు కీలు వదులుగా ఉంది, ఎక్కువ తెరవకు. మీద పడుతుంది," అనేవాడు. మరో రోజు దుప్పట్లన్నీ తీసి కుడివైపు సర్దాడు. "రోజూ వాడేవి ఇటుంటే నీకు తేలిక," అన్నాడు. ఇంకేముంది, చెయ్యి దురద మొదలైంది, దేవుడా నా బీరువాని నువ్వే కాపాడు అనుకున్నాను. "దాని జోలికి వెళ్లారో, ఊరుకోను," అని ఒకటికి రెండుసార్లు హెచ్చరించాను కూడా. ఆయన తల ఊపాడు.

ఒకరోజు ఒక కొత్త ఇంటివాళ్లకి తెరలు బిగించడానికి పొద్దున్నే వెళ్లి సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చాను. గేటు దగ్గరే వార్నిష్ వాసన కొట్టింది. చెప్పులు కూడా విప్పకుండా లోపలికి వెళ్లి ఎడమ తలుపు తెరిచాను.

ఏమీ లేదు. అదే రకం కొయ్య రంపపు పొట్టులో జిగురు కలిపి గాట్లన్నీ పూడ్చేశాడు. పెన్సిలు అంకెలు గీకేశాడు. అంచు పొడుగునా రంగు కలిపి పూత వేశాడు. ఎంత బాగా చేశాడంటే, ఎక్కడెక్కడ ఉండేవో రోజూ చూసిన నాకే ఆనవాలు దొరకలేదు. పైనుంచి కిందికి వేలు పెట్టి వెతికాను. ఆరో ఏడు లేదు, తొమ్మిదో ఏడు లేదు. చేతికి తడి వార్నిష్ అంటుకుంది.

ఆయన పెరటి గుమ్మంలో గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. నేను ఒంటికాలి మీద లేచాను. ఏం అన్నానో అన్నీ గుర్తులేవు. "మీకు కొయ్య తప్ప మనిషి కనపడదు," అన్నాను. "ముప్పై ఏళ్లుగా ఊళ్లో వాళ్ల గీతలన్నీ చెరిపారు, నాకంటూ ఉన్న ఒక్కదాన్నీ చెరిపేశారు," అన్నాను. ఆయన గుడ్డతో వేళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. అది చూసి ఇంకా మండింది.

"అసలు అక్కడ ఏముండేదో తెలుసా మీకు?"

"తెలుసు," అన్నాడు. "పదకొండు."

నేను తలుపు వదిలేశాను.

"వచ్చిన రోజే చేతికి తగిలాయి," అన్నాడు. "పిల్లల ఎత్తు కొలిచిన గాట్లు. మా పనిలో చాలా చూస్తాం. నువ్వు పైన పూలతీగ చూసి కొన్నావనుకున్నా. లోపల చూళ్లేదనుకున్నా. చూస్తే మళ్లీ ఆ ఏడాదిలాగా మంచం పట్టేస్తావేమోనని... రోజూ ఇంటికొస్తుంటే అదే భయం. ఇవాళ చూసేసిందేమో, ఇవాళ చూసేసిందేమో అని. నువ్వు ఒక పూట ఇల్లు కదులుతావేమోనని నాలుగు వారాలు ఎదురుచూశా."

నేను కుర్చీలో కూలబడ్డాను. ఆయన కొత్తదానిలా చేసి పాడు చేశాడని నేను తిట్టిపోసిన కుర్చీ అది. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే చెప్పాను, వాటికోసమే ఆ బీరువా కొన్నానని, రోజూ ఏం చేసేదాన్నో, ఆరో ఏడు ఎక్కడిదాకా వచ్చేదో. ఆయన వింటూ వింటూ గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. చేతిలో గుడ్డని మెలిపెడుతూ కూర్చున్నాడు.

"తీసేయొచ్చా?" అని అడిగాను. "పూడ్చింది గీకితే మళ్లీ వస్తాయా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. "గట్టిపడిపోయింది. గీకితే కొయ్య పోతుంది." తలుపు అంచు వైపు చూసి, "మరీ బాగా చేశాను," అన్నాడు.

పెరట్లో వెలుగు తగ్గుతోంది. లేచి దీపం వేయాలని ఇద్దరికీ అనిపించలేదు.

"పన్నెండుతో ఆగిపోయాయి కదా అవి," అన్నాడాయన ఉన్నట్టుండి. "ఆ తర్వాత ఎంత అనుకున్నావు?"

"ఆ తర్వాతది నేనే అనుకునేదాన్ని. ఇప్పుడు పంతొమ్మిది కదా."

"పంతొమ్మిది ఇంకా నిండలేదు," అన్నాడు. "నెలలు నిండాక పుట్టాల్సిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఇంకా మూడు వారాలుంది."

నేను తలెత్తి చూశాను. ఈ మనిషి కూడా లెక్కపెడుతూనే వచ్చాడు, నేను లెక్కలో పెట్టుకోని తేదీ నుంచి. పంతొమ్మిదేళ్లు ఒకే మంచం మీద పడుకుని, ఒకే పిల్లని ఇద్దరం విడివిడిగా పెంచుకున్నాం.

ఆయన లేచి నిలబడి తన భుజం దగ్గర చెయ్యి పెట్టాడు. "ఇంతుండేది. మా అమ్మ పోలిక. మా వైపు ఆడవాళ్లంతా పొట్టే కదా."

"మీ అమ్మ పోలిక ఎందుకొస్తుంది? మోసింది నేను!" కళ్లు తుడుచుకుంటూనే గొంతు పెంచాను. "నా అంత ఉండేది. ఇంకో రెండు అంగుళాలు ఎక్కువే ఉండేది."

"నువ్వు అన్నిట్లోనూ ఎక్కువే అంటావులే."

"ముక్కు మాత్రం మీ వైపుదే. కొస కాస్త కిందికి వంగి. అది మాత్రం ఒప్పుకుంటాను."

ఆయన చెయ్యి భుజం మీద నుంచి జారిపోయింది. "నీకెలా తెలుసు?"

"చూశాను కదా. నర్సు చూపించింది."

"నాకు చూపించలేదు," అన్నాడు. "బయట నిలబెట్టేశారు. తువ్వాలు పట్టుకెళ్తుంటే చూశా, అంతే. నిన్నడుగుదామని చాలాసార్లు అనుకున్నా. అడిగితే నువ్వేమైపోతావో అని..."

పక్కన కుర్చీ ఖాళీగా ఉంది, ఆయన దాన్ని నా దగ్గరకి లాక్కుని కూర్చున్నాడు. నేను మొదలుపెట్టాను. కళ్లు మూసుకుని ఉంది. పెదాలు సన్నగా, కాస్త బిగించి, కోపం వచ్చినట్టు ఉన్నాయి. కుడి చెయ్యి తువ్వాలు బయటికి వచ్చింది, వేళ్లు పొడుగ్గా ఉన్నాయి, గోళ్లు కూడా ఉన్నాయి. చెవి పక్క నుంచి నుదుటి దాకా జుట్టు అతుక్కుని ఉంది.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "జుట్టుందా?"

"ఉంది," అన్నాను. "చాలా ఉంది."