ఐసుకు ఆనించిన సీసాలు

వీధి చివర పిల్లాడు దగ్గితే, మూడో అంతస్తులో కూర్చుని ఆ జబ్బు పేరు, దాని తాతముత్తాతల పేర్లతో సహా చెప్పేయగల మనిషి ఈ కథలో ఉంది. అలాంటి చెవి భూప్రపంచంలో ఇంకొకటి లేదు. కావాలంటే పందెం కాస్తాను.

ఆమెది పిల్లల అంటురోగాల మీద పరిశోధన. చేసీ చేసీ కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. టీ చల్లారిపోతే వేడి చేసుకునేది, అది మళ్ళీ చల్లారేది. ఒక పేటలో టీకా వేయించుకున్న పిల్లలకే కోరింత దగ్గు వస్తోంది. టీకాకు లొంగని కొత్త సూక్ష్మజీవి పుట్టిందని ఆమె నమ్మకం. అదే నిజమైతే ప్రయోగశాలకు ఆమే పెద్ద. కాకపోతే వేసవి దాటాక ఉద్యోగమే లేదు. వ్యాసం సిద్ధమైంది. ఆఖరుగా కొన్ని గొంతు నమూనాలు తీసుకుందామని ఆ పేట ఆసుపత్రికి వెళ్ళింది. అక్కడి నర్సు ఎవరో కాదు, సొంత అక్క.

"వచ్చావా మహాతల్లీ! అద్దంలో మొహం చూసుకున్నావా? నీకంటే నా రోగులు నయం."

"ముందు కూర్చోనివ్వక్కా, తర్వాత తిట్టుకుందువుగాని."

ఒక చంటిదానికి టీకా వేయాలని అక్క ఫ్రిజ్ తెరిచింది. సీసాలన్నీ వెనక గోడకు పేరుకున్న ఐసును ఒరుసుకుని నిలబడి ఉన్నాయి.

"అలా పెట్టావేంటక్కా?"

"ఎండలు చూడవూ! అందరూ మధ్య అరలో పెట్టి ఊరుకుంటారు. ఇంకాస్త చల్లగా ఉంటాయని నేనే ఐసుకు ఆనిస్తా. మన పేట పిల్లలు కదే."

చెల్లెలు లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళింది. ఈ టీకా చల్లగా ఉండాలి గాని గడ్డకట్టకూడదు. కడితే, కరిగాక విరిగిపోతుంది, దాంట్లో సత్తువ ఉండదు. అక్కడి సీసా ఒకటి, ఆ ఉదయమే పెట్టెలో వచ్చిన సీసా ఒకటి తీసి, రెండూ కుదిపి బల్ల మీద పెట్టింది. కొత్తది పాలలా తెల్లగా నిలిచింది. ఐసు పక్కది చూస్తుండగానే విరిగింది. పైన తేటనీళ్ళు, అడుగున మడ్డి.

"అయితే ఇన్నాళ్ళూ పసివాళ్ళని ఊరికే పొడిచి ఏడిపించానా?"

"నేనూ ఊరికే రాశాలే."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. మొదట్లో నేను పొగిడిన చెవి జబ్బు పేరు పట్టింది గాని, తోబుట్టువు ఫ్రిజ్‌ను పట్టలేకపోయింది. పందెం ఓడిపోయాను. ఏం పోయింది, నోటి పందెమేగా!

"ఎవరికీ చెప్పకే," అంది అక్క మెల్లగా. "ఇవి పారేసి మంచివి తెప్పిస్తా. నీ వ్యాసం నువ్వు పంపుకో. ఉద్యోగం నిలబడుతుంది."

"మరి ఇప్పటిదాకా వేసిన పిల్లలో?"

అక్క టీకాల రిజిస్టరు తీసి చెల్లెలి ముందు పెట్టింది. చెల్లెలు తన ప్రయోగశాల నడిపే పెద్దాయనకు ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"కొండను తవ్వి ఎలుకను పట్టావమ్మా," అన్నాడాయన.

"ఎలుక కూడా కాదండీ. ఫ్రిజ్."

ఆయన నవ్వలేదు. వ్యాసం ఆగిపోయింది, పదవి ఇంకొకరికి పోయింది. మర్నాటి నుంచి అక్కాచెల్లెళ్ళు మంచి టీకాల పెట్టె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు. తలుపు తీసిన తల్లులు పెట్టిన చీవాట్లు ఇద్దరూ సమానంగా పంచుకున్నారు. సాయంత్రం బస్సులో సీటు దొరికితే, ఒకరి భుజం మీద ఒకరు వాలి, దిగాల్సిన చోటు దాటిపోయేదాకా నిద్రపోయారు.

అన్నీ ఉన్నవే చెప్పాను, ఆ సీటు తప్ప. చూడలేక నేనే వేశాను. వాళ్ళు నిలబడే వెళ్ళారు.