పొడుగు చేతులు

"అమ్మా, ఈ యూనిఫాం చొక్కాకి చేతులు పొడుగు చెయ్యవా? ఎండకి నల్లబడిపోతున్నాను," అంది మా అమ్మాయి.

వానలు పట్టుకుని వారమైంది. ఎండెక్కడిది?

చొక్కా తీసుకుని మిషను ముందు కూర్చున్నాను. పగలంతా దర్జీ కొట్లో ఊరివాళ్ల కొలతలు తీస్తాను. నా పిల్ల ఏం దాచుకుంటోందో కనిపెట్టలేనా? పెళ్లయిన కొత్తలో నేనూ నా జాకెట్లన్నిటికీ మోచేతుల కిందికి గుడ్డ అతికాను. ఎందుకని అడిగితే దోమలన్నాను. అందరూ నమ్మారు. నమ్మితే పని తప్పుతుంది కదా.

ఆ గాయాలు నాకు నేనే చేసుకుంటున్నానని బయటపడ్డాక మా ఆయన చేసిందల్లా స్నానాల గది గడియ ఊడబీకడం. అప్పట్నుంచి నేను లోపలికెళ్తే అత్తగారు బయట దగ్గుతూ నిలబడుతుంది. నా చేతుల మీద ఇంటిల్లిపాదికీ అనుమానమే. తమ నోళ్ల మీద మాత్రం ఒక్కరికీ లేదు. ఒంటిమీద చెయ్యి వేశామా, నాలుగు మాటలన్నాం, దానికింత నాటకమా అని ఆవిడ చుట్టాలందరికీ చెప్పుకుంది. ఆ నాలుగు మాటలేమిటని చుట్టాలెవరూ అడగలేదు.

ఇప్పుడవే మాటలు పిల్ల కంచం దగ్గరికి వచ్చాయి. నిన్న మార్కులు తగ్గాయని, "అచ్చం మీ అమ్మే. మొద్దు. తిండికి మాత్రం ముందుంటావు," అన్నాడు మా ఆయన. నానమ్మ నవ్వింది. పిల్ల ముద్ద వదిలేసింది. నేను దాని మొహం చూడలేదు, చేతులు చూశాను. ఒళ్లో దాచుకుంది.

చొక్కా పక్కన పడేశాను. తలుపు దగ్గరగా వేసి, పిల్లను కూర్చోబెట్టి, నా జాకెట్టు చెయ్యి పైకి మడిచాను. పాత మచ్చలు.

"నేను దోమలని చెప్పేదాన్ని," అన్నాను.

వేలితో ఒక మచ్చను తాకింది. "తగ్గిందా?"

"ఇదా?"

"కాదు. లోపలిది."

"లేదమ్మా. ఎవరికీ చెప్పుకోలేదుగా."

అప్పుడు ఏడ్చింది. తన చొక్కా చెయ్యి తనే పైకి లాగింది.

పొద్దున ఇద్దరం చెప్పులు వేసుకుంటుంటే మా ఆయన పేపరు దించి, ఎక్కడికని అడిగాడు. డాక్టరమ్మ దగ్గరికన్నాను.

"ఏం చూపించడానికి?" అన్నాడు, కళ్లు పిల్ల చేతుల మీదికి పోనిచ్చి.

"చెప్పడానికి. మీరు మమ్మల్ని ఏమేం అంటారో."