పొగ ఆగిన వాకిలి

తెల్లవారేసరికి సైదా బీ పొయ్యి అంటించేది. బొరుగులు నీళ్లలో తడిపి, గట్టిగా పిండి, ఉగ్గాని తాలింపు వేసేది. పక్క బాణలిలో మిరపకాయ బజ్జీలు వేగేవి. ఆదోనిలో పత్తి మిల్లు వెనక సందులో ఆమె హోటలంటే రేకుల పందిరి, రెండు బల్లలు. భర్త గఫూర్ సాబ్ ఆ మిల్లులోనే బేళ్లు మోసే హమాలీ. ఆయన పోయాక ఆమెకు మిగిలింది ఆ పొయ్యే.

ఆ పొయ్యి పొగ పైకి పోదు. నడుమెత్తున సందు వెంట సాగి, ఆ పూట ఎవరు పస్తుంటే వాళ్ల వాకిట్లో ఆగుతుంది. పొగ ఆగిన ఇంటికి ఎవరో ఒకరు గిన్నె పట్టుకుపోయేవాళ్లు. కూలి చేతికొచ్చాక ఆ ఇంటివాళ్లు ఇంకొకరికి పెట్టేవాళ్లు.

మిల్లు మూతపడింది. ఆ స్థలంలో అపార్ట్‌మెంట్ లేచింది. పత్తి కమీషన్ వ్యాపారులు, ప్లాట్లు అమ్మేవాళ్లు, ఇంట్లో కూర్చుని బెంగళూరు ఉద్యోగం చేసేవాళ్లు దిగారు. సందులో బాడుగలు పెరిగాయి. హమాలీ తిక్కయ్య కాలు పట్టేసి మూటలు మానేశాడు, ఆటో కొన్నాడు, ఎమ్మిగనూరు రోడ్డు అవతల కాలనీకి మారాడు. ఒకరి వెనక ఒకరు మిగతావాళ్లూ అక్కడికే పోయారు. సైదా బీ కూడా కాపురం అక్కడికి మార్చింది కానీ, పొయ్యి మాత్రం సందులోనే ఉంచింది. పొగ కూడా సందులో ఆగడం మానేసి, రోడ్డు దాటి కాలనీకే పోయేది.

అయినా అపార్ట్‌మెంట్ వాళ్లకు ఆమె కంట్లో నలుసు. వాళ్ల సంఘానికి పెద్ద మూడో అంతస్తు హరికృష్ణ. ఆయన డ్రైవరు బండి కడిగిన మురికినీళ్లు ఆమె బల్లల కిందికే వదిలేవాడు. వాచ్‌మన్ సుంకప్ప ఒకరోజు అక్కడ ఉగ్గాని తిన్నాడని పనిలోంచి తీసేస్తామన్నారు.

"కిటికీ తీస్తే నూనె వాసన. ఇంక ఎత్తేయ్" అన్నాడు హరికృష్ణ.

"నేను ఈడ పొయ్యి పెట్టినప్పుడు నువ్వు యాడుంటివి సామీ?"

"యాడుంటే ఏం? ఇప్పుడిది నీ మాదిరోళ్లు ఉండే తావు కాదు."

పందిరి ఉన్న జాగాను సంఘం వాళ్లు కార్ల కోసం కొనేశారు. నెలాఖరుకు ఖాళీ చేయమని చెప్పారు.

ఆ నెలలోనే ఒక పొద్దున పొగ అపార్ట్‌మెంట్ గేటులోకి తిరిగింది. సుంకప్ప గబగబా వచ్చాడు.

"సైదక్కా, పొగ మెట్లెక్కి హరికృష్ణ సారు వాకిట్లో నిలిచింది."

"నిలవనీ. ఆకలంటే ఏందో సూడనీ" అని ఆమె బజ్జీలు తిప్పింది. మనసులో చల్లగా అనిపించింది.

మర్నాడూ పొగ అక్కడే ఆగింది. ఆయన దివాలా తీశాడని ఇరుగుపొరుగు గుసగుసలాడారు. హరికృష్ణ తలుపు కింద తడిగుడ్డలు కుక్కాడు, ఫ్యాను పెట్టి తోలాడు. చివరికి కిందికి దిగివచ్చాడు.

"పొగను తిప్పుకో."

"అది నా మాట ఇనదు. మీ ఇంట్లో తిననోళ్లు ఎవరో సూసుకో పో."

ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు. ఆ ఇంట్లో ఎవరో పస్తుంటున్నారని ఆ తిప్పుకోవడంలోనే ఆమెకు అర్థమైంది. సుంకప్పను అడిగింది.

"ఆయన వదిన ఈశ్వరి ఉందక్కా. అన్న చనిపోయినాడు. అన్న పాలికొచ్చిన పొలం అమ్మే ఆ ఇల్లు కొన్నారు. పత్తికొండ కాడ ఆమె పుట్టింటోళ్లిచ్చిన చేను ఉంది. అదీ రాసియ్యమంటే ఆమె ఇయ్యలే. వంటింటికి తాళమేసినారు."

సైదా బీ గరిట పక్కన పెట్టింది. నిన్నటి నుంచి తను లోలోపల సంబరపడుతూ కూర్చున్నది ఈ మనిషి ఆకలికా? ప్లేటు నిండా ఉగ్గాని పెట్టి మెట్లెక్కింది.

హరికృష్ణ భార్య ఉమాదేవి తలుపుకు అడ్డం నిలబడింది. "మా ఇంట్లో తిండి లేకనా నీ కూడు తినేది?"

"ఉంది కదా. ఆమెకెందుకు పెట్టవు?"

వెనక నుంచి ఈశ్వరి వచ్చింది. ఉమాదేవిని తోసుకుని బయటికొచ్చి గడప మీద కూర్చుంది. ప్లేటు అందుకుని, ఎవరినీ చూడకుండా తినసాగింది. అంతస్తులో తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఒకావిడ తలుపు మూసుకుంది.

సంఘం వాళ్లు నెలాఖరు దాకా కూడా ఆగలేదు. ఆ మర్నాడే పందిరి పీకించారు. హరికృష్ణ దగ్గరుండి రేకులు పారేయించాడు. తిక్కయ్య ఆటో తెచ్చి బాణళ్లు ఎక్కించాడు. ఆటో కదలబోతుండగా ఈశ్వరి బట్టల సంచితో దిగివచ్చింది.

"గేటు దాటితే మళ్లీ ఈ మెట్లెక్కేది లేదు వదినా" అన్నాడు హరికృష్ణ.

ఆమె గేటు దాటి ఆటో దగ్గరికి వచ్చింది. సైదా బీ వైపు తిరిగింది. "మీ కాలనీ నుంచి పత్తికొండకు బస్సుంటుందా?"

"పొద్దున్నే ఉంటుంది. ఈ రాత్రికి నా కాడ పండుకో" అని సైదా బీ బాణళ్లు పక్కకు జరిపింది.

ఈశ్వరి తన చేను ఎవరికీ రాసివ్వలేదు. ఆ ఏడు అందులో టమాటా పెట్టింది. తొలికోత గంపను మార్కెట్లో దించకుండా బస్సెక్కించి కాలనీలో సైదా బీ పెట్టుకున్న కొత్త పొయ్యి దగ్గరికి తెచ్చింది.

"ఉగ్గానిలోకి" అంటూ గంప దించి, సైదా బీ పక్కనే కత్తిపీట ముందర కూర్చుంది.